తిరగని పూలు

నమోదు 1

బండి: బాగుంది.
దీపాలు: ఒకటి పోయింది.
తిరగని పూలు: ఏడు. కోసేశారు.
ఇతర విషయాలు:

నాకు ముందు ఈ బండి నడిపినవాళ్ళెవరూ ఈ గడిలో ఏమీ రాయలేదు. పుస్తకాన్ని వెనక్కి తిరగేసి చూశాను. పేజీల నిండా "లేవు, లేవు, లేవు" అనే ఉంది. ఒకాయన మాత్రం ఒకచోట "పంటినొప్పి" అని రాసుకున్నాడు. ఎవరో గానీ ఆయన మీద నాకు అభిమానం పుట్టింది.

నాకు ఇతర విషయాలు చాలా ఉన్నాయి.

పొద్దుబండి పేరుకే బండి. దాని చక్రాలు కింద కాదు, పైన ఉంటాయి. సున్నపురాయి తవ్వేసిన ఈ గని పైకప్పుకు రెండు పట్టాలు బిగించి, వాటికి దీపాల చట్రాన్ని వేలాడదీశారు. చట్రం కింద ఇనుప కుర్చీ, కుర్చీలో నేను. పొద్దున తూర్పు గోడ దగ్గర బయల్దేరి సాయంత్రానికి పడమటి గోడ చేరతాను. దారిలో తవ్వకుండా వదిలేసిన రాతి స్తంభాలు వస్తాయి. ఒక్కో స్తంభం దగ్గరా కరెంటు తీగ మార్చాలి, పట్టాల అతుకు మీద చట్రాన్ని చేత్తో నెట్టి దాటించాలి. అందుకే మనిషి కావాలి. అడుగుపల్లెలో నల్లబడిన మొహం నాదొక్కటే. మిగతావాళ్ళంతా ముల్లంగి దుంపల్లా ఉంటారు.

నా కింద పొద్దుతిరుగుడు తోట. నేను కదిలితే అన్ని మొహాలూ నాతోపాటే కదులుతాయి. కాలేజీలో నన్ను ప్రేమిస్తున్నానన్న అబ్బాయి కూడా ఇంత శ్రద్ధగా చూడలేదు.

పైకప్పు నుంచి ఎప్పుడూ సున్నపు పొడి రాలుతుంటుంది. పూలకు వెలుగు సరిగ్గా కనబడాలని బడిపిల్లలు రోజూ పొద్దున వరసగా వచ్చి, మెత్తటి నూలుగుడ్డతో ఒక్కో పువ్వుకీ మొహం తుడిచి వెళ్తారు. ఆ తరవాతే వాళ్ళకి పాఠం. సాయంత్రం నేను పడమటి గోడ చేరగానే మా మేనత్త ఓబులమ్మ తన కోత జట్టుతో తోటలోకి దిగుతుంది. పూలన్నీ పడమరకు చూస్తుండగా ఏ పువ్వైనా తూర్పుకే మొహం పెట్టి నిలబడితే అది తిరగని పువ్వు. అంటే తెగులు పట్టిందన్నమాట. అక్కడికక్కడే మొదలుకంటా కోసి ఎరువు గుంతలో పడేస్తారు.

"వెలుగెటో మేమటే" అని మా ఊరి గుమ్మం మీద చెక్కి ఉంది. బిడ్డకు పేరు పెట్టే రోజున బండి ఉన్న వైపు తల పెట్టి పడుకోబెడతారు. పెళ్ళికూతురు జడలో తిరిగే పువ్వు పెడతారు. పోయినవాళ్ళ గుండెల మీదా అదే. మాట వినని ఆడపిల్లని "తిరగనిదానా" అని తిడతారు. నాకది రెండో పేరు.

ఈ రాత్రి భోజనాల దగ్గర కూడా అదే అయింది.

"పైకెక్కి చూసొచ్చే పైబృందానికి మళ్ళీ పేరిచ్చినావంట గదా?" అంది అత్త, మొగ్గల కూర వడ్డిస్తూ.

"ఇచ్చినా."

"పైన ఏముందే? ఎండ. బండమీద రొట్టె కాలేంత ఎండ."

"చలికాలం తెల్లారుజామున శానా తగ్గుతాందంట అత్తా. పోయినసారి గొడుగు లేకుండా నిలబడినారంట."

"సూర్యుని కూతురి పేరని మీ నాయన నీకు సువర్చల అని పెట్టినాడు సరే. నిజంగానే పుట్టింటికి పోవాలనుకుంటాండావా? తిను, తిరగనిదానా."

నమోదు 2

బండి: మూడో స్తంభం దగ్గర చప్పుడు.
దీపాలు: పోయినదాని బదులు కొత్తది వేశాను.
తిరగని పూలు: పన్నెండు. కోసేశారు.
ఇతర విషయాలు:

విత్తనాలు నిలవ ఉంచే చలిగదికి గఫూర్ చిన్నాయన కాపలా. నాటిన తట్ట ముందు గొంతుకూర్చుని మట్టిని వేలితో కదుపుతున్నాడు. తట్టనిండా గింజలు పెడితే, మూలన నాలుగు మొలకలు మాత్రం వచ్చాయి.

"నీళ్ళు ఎక్కువైనాయేమో చిన్నాయనా."

"నీళ్ళు నేనీ పొద్దు కొత్తగా పోస్తాండానా పాపా?" అన్నాడు నొచ్చుకుని. "గింజలు ముసలివైపోయినాయి. ఊరు కట్టినోళ్ళు పైనుంచి తెచ్చినవి గదా ఇవన్నీ. ఎంత చల్లగా పెడితే మాత్రం ఎన్నాళ్ళుంటాయి? నన్ను గూడా చలిగదిలోనే పెట్టినారు. నేను ముసలోణ్ణి కాలేదా?"

మాకు పూలున్నాయి గానీ గింజలు లేవు. తేనెటీగ లేనిచోట పొద్దుతిరుగుడు గింజ కట్టదని కాలేజీలో చెప్పారు. పరీక్షలో అదే రాశాను, మార్కులు కూడా వేశారు. అందుకే మొగ్గలు కూరకి, కాడలు పీచుకి వాడుకుంటాం, ప్రతి పంటకీ కొత్త గింజ చలిగది నుంచి తీసుకుంటాం.

"కమిటీలో సుంకన్నకు చెప్పినావా?"

"ఎట్ల చెప్పల్లనే చూస్తాండా. ముందర తిండి తిననీ ఆయప్పను."

నమోదు 3

బండి: బాగుంది.
దీపాలు: అన్నీ వెలుగుతున్నాయి.
తిరగని పూలు: పద్దెనిమిది. కోసేశారు.
ఇతర విషయాలు:

చెప్పాడు. చిన్నాయన మాట విని, ఊరి కమిటీకి పెద్దైన సుంకన్న అందర్నీ సభకు పిలిచాడు. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఈరోజు మరీ తగ్గించి మాట్లాడాడు. అందుకే అందరికీ భయమేసింది.

తోట అంటే మాకు అందం కోసం కాదు. రాతి సందుల్లోంచి ఊరే నీళ్ళు ముందు పూల మళ్ళలోకి వస్తాయి. ఆ నీళ్ళలో గని విషం ఉంటుంది. పొద్దుతిరుగుడు వేళ్ళు దాన్ని పీల్చుకున్నాకే నీళ్ళు మా బావిలోకి దిగుతాయి. పడమటి వైపు మళ్ళు రెండు ఇప్పటికే ఖాళీ. పొద్దున బావినీళ్ళు నోట్లో పోసుకుంటే నాలుక మీద మేకు పెట్టినట్టుంది.

"ఇప్పుడుండే పంటే ఆఖరు," అన్నాడు సుంకన్న. "దీని తర్వాత నాటడానికి మొలిచే గింజ లేదు. మిగతా గనుల ఊర్లకు కబురు పంపినా. ఎవురికాడ చోటుంటే వాళ్ళు మనోళ్ళను కొంతమందిని తీసుకుంటారు."

"కొంతమందిని అంటే?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"ఒక ఇంటోళ్ళను ఒకేచోటికి పంపేదానికి చూస్తా," అన్నాడు. పంపుతానని అనలేదు.

అలా పంచడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా అమ్మా నాన్నా నీటిపంపుల పని కోసం సొరంగం అవతలి ఊరికి వెళ్ళారు. రెండేళ్ళకని వెళ్ళారు. నేనప్పుడు పలక పట్టుకునేదాన్ని, ఇప్పుడు బండి నడుపుతున్నాను. ఈ ఊరి నుంచి ఎప్పుడెప్పుడు బయటపడదామా అనుకునే మొదటిదాన్ని నేనే. కానీ వెళ్ళినదానికి వెనక్కి చూస్తే ఊరంటూ కనబడాలి కదా.

నమోదు 4

బండి: బాగుంది.
దీపాలు: చూడలేదు.
తిరగని పూలు: ముప్పైకి పైనే. కోసేశారు.
ఇతర విషయాలు:

దీపాలు ఎందుకు చూడలేదంటే, కిందకి చూస్తూ కూర్చున్నాను.

ఇన్నాళ్ళూ తిరిగే పూలనే చూశాను. నా వైపు చూసేవాళ్ళ మీదే కదా కళ్ళు పడతాయి. ఈరోజు నాకు వీపు చూపించినవాటిని చూశాను. ఐదో స్తంభం పక్కన ఒకటి, కాలవ గట్టున రెండు, పడమటి గోడ నీడలో నాలుగు. అవి ఒకదానికొకటి దూరంగా ఉన్నాయి, ఒకదాన్నొకటి చూసే వీల్లేదు. అయినా అన్నీ గీత గీసినట్టు తూర్పుకే చూస్తున్నాయి. అంటే నేను పొద్దున బయల్దేరే గోడ వైపు.

తెగులు పట్టిన మొక్క వాలిపోతుంది. వాలేది ఎటైనా వాలచ్చు. తెగులుకు దిక్కులు తెలుస్తాయా?

ఇంకొకటి. ఆ తిరగనివన్నీ వయసులో పెద్దవి, రేకులు పూర్తిగా విచ్చుకున్నవి. తిరుగుతున్నవన్నీ మొగ్గలు, సగం విచ్చినవి.

ఇంటికొచ్చి వంటగదిలో పాత నూనెడబ్బా ముందు కూర్చున్నాను. పైలోకం నాటి డబ్బా. ఇప్పుడు దాన్లో ఉప్పు పోసుకుంటున్నాం. దాని మీద పొద్దుతిరుగుడు తోట బొమ్మ ఉంది. పుట్టినప్పటి నుంచి చూస్తున్న బొమ్మే. పూలన్నీ నవ్వుమొహాలతో నా వైపు చూస్తున్నాయి. సూర్యుడేమో వాటి వెనకాల, కొండ మీద ఉన్నాడు.

వెలుగెటో మేమటే అని మేం చెక్కుకున్న పూలు వెలుగుకి వీపు పెట్టి నిలబడ్డాయి. మా ఇంట్లో, మా ఉప్పు మీద. ఇన్నేళ్ళూ రోజుకు రెండు పూటలా మూత తీశాను.

నమోదు 5

బండి: బాగుంది.
దీపాలు: బాగున్నాయి.
తిరగని పూలు: లెక్కపెట్టబుద్ధి కాలేదు. కోసేశారు.
ఇతర విషయాలు:

ముదిరిన పువ్వు తిరగడం మానేస్తుందేమో, అది తెగులు కాదేమో అని అత్తకు చెప్పాను. డబ్బా కూడా చూపించాను.

"బొమ్మేసినోడు పొలం చూసినాడని నీకు ఎవురు చెప్పినారు?" అంది.

"సరే, బొమ్మ వదిలెయ్. ఒక్క మడి కొయ్యకుండా వదులు. ఏమవుతాదో చూద్దాం."

"ఏమవుతాదో నేను చూసినా." అత్త డబ్బాని నా చేతిలోంచి తీసుకుని అరలో పెట్టేసింది. "మొదటి పంట అప్పుడు నేను నీ నడుమంత ఎత్తు ఉంటి. ఎండుతెగులు వచ్చింది. నాలుగు రోజుల్లో సగం తోట పోయె. తిరగనివాటిని మా అమ్మ ఒక్కతే కోసుకుంటా వచ్చింది. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. ఆయమ్మ కోయబట్టి మిగిలిందే ఈ తోట. నువ్వు తాగే ప్రతి గుక్కా ఆయమ్మ పుణ్యం."

"అది తెగులత్తా. ఇది తెగులు కాదేమో అంటాండా."

"ఏమో అంటే? ఉండేది ఒక్క పంట. నీ ఏమో కోసం దాన్ని పణం పెట్టల్లనా?"

సుంకన్న దగ్గరికి వెళ్తే "కోత సంగతి మీ అత్తదే గదమ్మా" అన్నాడు. పైగా, పైబృందం జాబితాలో ఈసారి నా పేరుందని, ఇలాంటప్పుడు ఒద్దికగా ఉంటే మంచిదని కూడా మెల్లగా చెప్పాడు.

జాబితాలో నా పేరుంది. దీన్ని రెండుసార్లు రాయాలనిపించింది. జాబితాలో నా పేరుంది.

నమోదు 6

బండి: మోటారు చెడిపోయింది. తూర్పు గోడ దగ్గరే ఆగింది.
దీపాలు: వెలుగుతున్నాయి.
తిరగని పూలు: తెలియదు.
ఇతర విషయాలు:

పై మూడు గడుల్లో మొదటిది అబద్ధం.

కోత జట్టు తిరగని పువ్వుని ఎలా పడతారు? సాయంత్రం బండి పడమట ఉన్నప్పుడు తూర్పుకు చూసేదాన్ని పడతారు. బండి పొద్దంతా తూర్పునే ఉంటే? తోట మొత్తం తూర్పుకే చూస్తుంది. అందులో ఏది తిరగనిదో, ఏది తిరగాల్సిన అవసరం రానిదో బ్రహ్మకు కూడా తెలియదు.

ఇది నాలుగో రోజు. కొడవళ్ళు పట్టుకొచ్చిన జట్టు మళ్ళ మధ్య అటూ ఇటూ తిరిగి, తలలు గోక్కుని వెళ్ళిపోతున్నారు. వాళ్ళలో మద్దిలేటి అనే అతనికి మోటార్ల మీద కాస్త పట్టుంది. "నేను ఎక్కి చూడల్నా?" అని రోజూ అరుస్తాడు. "నువ్వెక్కితే కుర్చీ గూడా చెడుతాది" అని పైనుంచి నేనూ అరుస్తాను. అతను కొంచెం లావు. నవ్వుతాడు, పాపం.

రేపో ఎల్లుండో దొరికిపోతాను. ఈలోగా తోటలో ఎన్ని పూలు నిలబడితే అన్ని.

నమోదు 7

బండి: బాగుంది. నడిచింది.
దీపాలు: బాగున్నాయి.
తిరగని పూలు: తోటలో దాదాపు సగం.
ఇతర విషయాలు:

పొద్దున నిచ్చెన ఊగింది. మద్దిలేటి అనుకున్నాను. చీర కొంగు నడుముకు చుట్టుకుని ఓబులమ్మత్త ఎక్కొచ్చింది. ఆమె ఇంతకుముందు ఎప్పుడూ బండి ఎక్కలేదు.

"యాడ చెడింది? చూపీ."

అత్త మీట మీద చెయ్యి వేసి నొక్కింది. బండి బుద్ధిగా కదిలింది.

"చెడింది మోటారు గాదు, నువ్వు," అంది.

"దిగు అత్తా. ఏమంటావో కిందికొచ్చినాక అను."

"దిగను. నాలుగు రోజులు నా కండ్లు గప్పినావు. ఏం చూసి గప్పినావో నేనూ చూడల్ల. జరుగు."

ఒకరి కోసం చేసిన కుర్చీలో ఇద్దరం ఇరుక్కుని కూర్చున్నాం. బండి నడక గురించి తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. పాకే బిడ్డ మమ్మల్ని దాటి వెళ్ళి, ఆగి, తిరిగి చూసి నవ్వగలదు. మొదటి స్తంభం దగ్గర అత్త నన్ను తిట్టింది. రెండో స్తంభం దగ్గర మా నాన్నను తిట్టింది. మూడో స్తంభం దగ్గర చెమట తుడుచుకుంటూ "రోజూ ఇంత వేడిలోనే కూర్చుంటావా?" అని అడిగింది. తన కొంగు తీసి నా తల మీద కూడా కప్పింది.

నడిమి స్తంభం దాటాక తోట రెండుగా విడిపోవడం మొదలైంది. చిన్న పూలు మెల్లగా మా వెంట తల తిప్పాయి. పెద్దవి కదల్లేదు. పడమటి గోడ చేరేసరికి కింద రెండు ఊళ్ళు ఉన్నట్టుంది. ఒక ఊరు మమ్మల్ని చూస్తోంది. ఇంకో ఊరు మాకు వీపు పెట్టి, మేం పొద్దున బయల్దేరిన చోటునే చూస్తోంది. వాటిలో ఒక్కటి కూడా పక్కకి వాలలేదు.

అత్త కుర్చీ అంచు పట్టుకుని కిందికి వంగి చూసింది.

"తెగులుకి దిక్కు తెలుస్తాదా అత్తా?" అన్నాను.

"గమ్మునుండు." ఆమె ఇంకా చూస్తూనే ఉంది. "ఆ పొద్దు పోయినవి ఇట్ల లేవు. ఒగోటి ఒగో పక్కకి పడె. కాడ మెత్తగయ్యి, చేత్తో పట్టుకుంటే జారె. ఇవేమో... కాపలా కాసినట్ల నిలబడినాయి."

కింద జట్టంతా కొడవళ్ళతో ఎదురు చూస్తున్నారు. అత్త నిచ్చెన దిగి, కొంగు సవరించుకుని, "ఈ పొద్దు కోత లేదు. ఇండ్లకు పోండి" అంది.

నమోదు 8

బండి: నాది కాదు.
ఇతర విషయాలు:

చెడని మోటారును చెడిందని రాసినందుకు బండి నుంచి దింపేశారు. ఇకనుంచి మద్దిలేటి నడుపుతాడు. కుర్చీ వెడల్పు చేయించుకున్నాడు. పుస్తకంలో రాయడం మాత్రం తనవల్ల కాదని నాకే ఇచ్చేశాడు, కాబట్టి ఇతర విషయాలు ఇంకా నావే.

పైబృందం జాబితాలో నా పేరు కొట్టేశారు. సుంకన్న నా మొహం చూడకుండా కొట్టాడు. అలా చెయ్యడం ఆయనకూ ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. నాకేమీ కాలేదన్నట్టు బయటికి నడిచి, చలిగది వెనక్కి వెళ్ళి ఏడ్చాను. గఫూర్ చిన్నాయన వచ్చి ఏమీ అడక్కుండా ఒక దుప్పటి ఇచ్చి వెళ్ళాడు. ఏడ్చేవాళ్ళకి చలేస్తుందని ఆయన లెక్క.

సభలో అత్త మాట్లాడింది. తోటంతా వదలమని ఎవరూ ఒప్పుకోరని ఆమెకు తెలుసు. తూర్పు గోడ కింద మడి ఒక్కటి అడిగింది. దాని చుట్టూ కందకం తవ్వి, మిగతా తోటకు తగలకుండా చేస్తానంది.

"తెగులు కందకం దాటితే?" అన్నాడు సుంకన్న.

"దాటితే మిగిలిన తోటంతా నేనే కోసి, అందరికంటే ముందు నేనే ఊరిడిసి పోతా."

మడి ఇచ్చారు.

నమోదు 9

ఇతర విషయాలు:

రేకులు రాలిపోయాయి. అది పరవాలేదు అనుకున్నాను. తరవాత తలలు వంగడం మొదలైంది. ఒక్కొక్కటే మెడ వంచి నేలకేసి చూస్తోంది. తల వెనక పచ్చగా ఉండే చోటు పసుపురంగుకు తిరిగింది. పాత పాటల్లో ఎండుతెగులు గురించి చెప్పేదీ ఇదే, తల వాలడం, పసుపెక్కడం.

బావి దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసి మాటలు ఆపేస్తున్నారు. ఒకామె మాత్రం ఆపలేదు. "మీ అత్తాకోడండ్లు మూటలు కట్టుకున్నారా?" అంది.

పిల్లలు మాత్రం మానలేదు. రేకులు పోయినా, తలలు వంగినా రోజూ వచ్చి కిందనుంచి చేతులు పెట్టి ఆ మొహాలు కూడా తుడుస్తున్నారు. ఆ గుడ్డలు చూశాను. ముందు రోజుల్లో తెల్లగా వచ్చి పసుపుగా వెళ్ళేవి. ఒక పువ్వు పసుపు పొడి ఇంకో పువ్వుకు, దాని పొడి మరోదానికి అంటించుకుంటూ వరస చివరిదాకా వెళ్ళేవి. ఈ పని ఎక్కడో చదివినట్టుందే అనుకున్నాను. మనిషి బుర్ర చూడండి, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న పాఠాన్ని కళ్ళముందు జరుగుతుంటే గుర్తుపట్టడానికి నాకింత కాలం పట్టింది. గనిలో తేనెటీగలు లేవని ఎవరన్నారు? రోజూ పొద్దున పలకలు చంకన పెట్టుకుని వరసగా వస్తూనే ఉన్నాయి.

పరుగెత్తుకుంటూ అత్త దగ్గరికి వెళ్ళాను. ఆమె రోజూ సాయంత్రం ఆ మడి గట్టునే కూర్చుంటుంది, కొడవలి ఒళ్ళో పెట్టుకుని. చెప్పాను. విన్నది.

"కొయ్యల్నా వద్దా?" అంది. "నువ్వే చెప్పు. నేను ఎదురు మాట్లాడను."

వద్దు అనాలి. కానీ తలలన్నీ వాలి ఉన్నాయి, పసుపుగా ఉన్నాయి. నాకు తెలిసింది ఎంత? ఒక నూనెడబ్బా, కొన్ని గుడ్డలు.

"నువ్వు చెప్పలేకపోతే ఇదే చెప్తాది," అని అత్త దగ్గరున్న తలను పైకెత్తి బొటనవేలితో మొహం మీద రుద్దింది. ఎండిన చిన్న పూలు పొట్టులా రాలాయి. వాటి కింద, ఇరుకిరుగ్గా, వరసలు తిరిగి, తెల్లచారల నల్లగింజలు.

అత్త ఒకటి ఊడబెరికి కొరికింది.

"పచ్చిది," అంది. "పాలు ఉండాయి లోపల."

ఆ తరవాత ఆమె చేసిన పని నేను మర్చిపోలేను. కొడవలిని పక్కన పెట్టలేదు, విసరలేదు. దాని అంచుకు కొంగు చుట్టింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో కత్తికి చుట్టినట్టు.

"ఎన్ని పంటలు కోసినానే," అంది. "ఇంకొన్నాళ్ళు ఆగింటే..."

"మీ అమ్మ ఆ పొద్దు కోయకుంటే తోటే లేదు గదా అత్తా."

"ఆయమ్మ కోసింది తెగులును. నేను కోసింది..." ఇద్దరం ఆ మడి గట్టునే కూర్చున్నాం, మద్దిలేటి పడమటి గోడ చేరి దీపాలు తగ్గించేదాకా.

నమోదు 10

ఇతర విషయాలు:

గింజలు గట్టిపడ్డాక మడి కోశాం. ఈసారి కోతకు పిల్లలు కూడా వచ్చారు. అన్నీ గింజలు కాదు, కొన్ని ఉత్త తొక్కలే. గఫూర్ చిన్నాయన నీళ్ళలో వేసి తేలినవి తీసేశాడు. మునిగినవాటిని బిడ్డలకు స్నానం చేయించినట్టు తుడిచాడు. వాటిని చలిగదిలో పెట్టనని పట్టుబట్టాడు. "వీటికింకా వయసులోని వేడి ఉంది. చలి చూపించగూడదు" అన్నాడు. రెండు తట్టలు నాటాం.

సుంకన్న రోజుకు మూడుసార్లు అటుగా ఏదో పనున్నట్టు వస్తున్నాడు. ఆ దారిలో ఆయనకు ఏ పనీ ఉండదు.

ఈ పొద్దున చలిగది వైపు నుంచి అరుపు వినబడింది. ఎవరికో ఏదో అయిందని అందరం పరుగెత్తాం. గఫూర్ చిన్నాయన తట్ట ముందు నిలబడి "ల్యాయ్, ల్యాయ్, జరగండి, తొక్కేరు!" అని అందర్నీ వెనక్కి నెడుతున్నాడు.

మట్టి పగిలింది. తట్టంతా పగిలింది. ఒక్కో మొలకా గింజతొక్కని నెత్తిన టోపీలా పెట్టుకుని వంగి లేస్తోంది. టోపీ తియ్యబోయిన పిల్లవాడి చేతి మీద చిన్నాయన ఒకటిచ్చాడు.

సుంకన్న తట్ట ముందు గొంతుకూర్చుని మొలకల్ని వేలితో లెక్కపెట్టాడు. లేచి, "మిగతా ఊర్లకు పోయిన కబురు వెనక్కి పిలిపించండి," అన్నాడు. గొంతు పెంచాడు. ఆయన గొంతు అంత పెద్దదని నాకు ఇప్పుడే తెలిసింది.

నమోదు 11

ఇతర విషయాలు ముందు రాస్తున్నాను, గడులు చివర్లో నింపుతాను. ఎందుకంటే ఈ పుస్తకంలో నేను రాసేది ఇదే ఆఖరు.

కొత్త పంట విచ్చుకుంది. పడమటి వైపు ఖాళీ మళ్ళు కూడా నిండాయి. బావినీళ్ళకు మళ్ళీ ఏ రుచీ లేదు, నీళ్ళంటే అలాగే ఉండాలి. మద్దిలేటి ఒకరోజు నన్ను బండెక్కించాడు, తోటని పైనుంచి చూడనిమ్మని. కుర్చీ నిజంగానే వెడల్పయింది, హాయిగా ఉంది.

గుమ్మం మీది రాత మార్చాలని కొందరు, మార్చకూడదని కొందరు రోజూ కొట్టుకుంటున్నారు. నేను ఏ జట్టులోనూ చేరలేదు. నిన్న వీధిలో ఒక తల్లి కూతుర్ని "తిరగనిదానా" అని అరిచింది. ఆ పిల్ల ఆగకుండా పరుగెత్తుతూనే "అయితే గింజ కడతాలే!" అంది. నాకు తెలిసి ఆ రాత మారనక్కర్లేదు, మార్పు దానంతటదే జరుగుతోంది.

జాబితాలో నా పేరు మళ్ళీ ఎక్కింది. తెల్లారుజామున పైబృందంతో బయల్దేరుతున్నాను. చలి ఉండే కొన్ని వారాల్లో, పైన, నిజం మట్టిలో మా గింజలు పెట్టి చూడాలి. పైన సూర్యుణ్ణి నడపడానికి మనిషి అక్కర్లేదట. అది నమ్మడానికి కొంత టైం పడుతుంది నాకు.

సాయంత్రం అత్త నా మూట తనే కట్టింది. గింజల సంచి అడుగున పెట్టింది. దానిపైన ఒక మెత్తటి నూలుగుడ్డ మడిచి పెట్టింది.

"ఇదెందుకత్తా? పైన సున్నపు పొడి రాలదు గదా."

"పైన తేనెటీగలు ఉన్నాయో లేవో ఎవురు చూసినారు? పెట్టుకో. పొద్దున్నే తుడువు. ఒగ పువ్వు మీంచి ఇంకో పువ్వు మీదికి పోవల్ల, మర్సిపోకు." మూట ముడి బిగించి, ఇంకోసారి బిగించింది. "వచ్చేటప్పుడు ఎటు నడవల్లనో తెలుసు గదా?"

"తెలుసు. తూర్పు గోడ పక్క మెట్లు."

"ఆ. ఆడనే కూర్చోనుంటా."

బండి: బాగుంది.
దీపాలు: అన్నీ వెలుగుతున్నాయి.
తిరగని పూలు: సగం తోట. కోయలేదు.
ఇతర విషయాలు: లేవు.